డర్ట్ ట్రాక్ రేసు: పదును తప్పితే దుమ్మే

క్లుప్తంగా: డర్ట్ ట్రాక్ రేసులో కార్లు తిరిగేది మామూలు నేల మీద కాదు. రోజుల తరబడి దున్ని, తడిపి, అణిచి తయారు చేసిన బంకమట్టి పొర మీద. ఆ పొరలో తడి ఎంత ఉంది, ఎంత లోతున ఉంది అన్నదాన్ని బట్టే పట్టు, వేగం, దుమ్ము, ఓవర్‌టేకింగ్ అన్నీ ఉంటాయి. కార్లు తిరిగే కొద్దీ ఆ తడి పోతూ ఉంటుంది కాబట్టి ట్రాక్‌ని మొదటి రేసు కోసం కాకుండా, మూడు నాలుగు గంటల తర్వాత జరిగే ఫైనల్ కోసం తయారు చేయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

డర్ట్ రేసు వీడియో మొదటిసారి చూసినవాళ్లకి కొన్ని సంగతులు ఓ పట్టాన అర్థం కావు. రేసు మొదలవకముందు ట్యాంకర్లు వచ్చి ట్రాక్ అంతా తడిపేస్తాయి, ఆ తర్వాత అదే తడి మట్టి మీద కార్లు, పికప్ ట్రక్కులు నత్తనడకన చుట్లు కొడుతూ ఉంటాయి, నాలుగైదు రేసులు అయ్యాక ఉన్నట్టుండి ఆట ఆపేసి ట్రాక్టర్ దింపి ట్రాక్‌ని దున్నడం మొదలుపెడతారు. రేసు చూడ్డానికి వచ్చామా, వ్యవసాయం చూడ్డానికి వచ్చామా అనిపిస్తుంది. ఇంత చేసినా ఫైనల్లో దుమ్ము లేచిందంటే తిట్లు పడేది ట్యాంకర్ తోలినవాడికే. తడి ఎక్కువైతే బురద అంటారు, తక్కువైతే దుమ్ము అంటారు.

నిజానికి దీనికి సరిపోయే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది: పదును. వాన పడ్డాక నేల మరీ బురదగా లేకుండా, మరీ గట్టిపడకుండా, నాగలికి లొంగే స్థితిలో ఉంటే పదునుగా ఉంది అంటారు. డర్ట్ ట్రాక్ నడిపేవాళ్లు సాయంత్రమంతా కాపాడుకోవాలని చూసేది సరిగ్గా దీన్నే. తేడా ఏంటంటే పొలం పదును మీద నాగలి ఒకట్రెండు సార్లు తిరుగుతుంది, ఇక్కడ 900 హార్స్‌పవర్ ఉన్న కార్లు వందల సార్లు తిరుగుతాయి.

ఎక్కడిదీ ఆట

డర్ట్ ఓవల్ రేసింగ్‌కి, అంటే కోడిగుడ్డు ఆకారపు మట్టి బాట మీద రేసులకి, పుట్టిల్లు అమెరికా. కార్లు వచ్చిన కొత్తల్లో పోటీలకి చేతికందిన స్థలాలు జిల్లా, రాష్ట్ర సంతల మైదానాల్లో ఉన్న గుర్రపు పందేల మట్టి బాటలు. అర మైలు, మైలు పొడవు, గుండ్రంగా, చుట్టూ కూర్చోడానికి గ్యాలరీ, అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. అక్కడే కార్లు దింపారు. ఇప్పుడు తారు రోడ్డు రేసులకి పేరుపడ్డ అమెరికా రేసుల సంస్థ నాస్కార్ కూడా 1949లో తన టాప్ సిరీస్ మొదటి రేసుని (అప్పట్లో ఆ సిరీస్ పేరు స్ట్రిక్ట్‌లీ స్టాక్) షార్లెట్‌లో మట్టి ట్రాక్ మీదే జరిపింది. తర్వాత ఒక్కో ట్రాక్‌కీ తారు పడుతూ వచ్చి, 1970 సెప్టెంబరు 30న నార్త్ కరోలినాలోని రాలీలో జరిగిన రేసుతో ఆ టాప్ సిరీస్‌లో మట్టి అధ్యాయం ముగిసింది. ఆ రేసు గెలిచింది రిచర్డ్ పెట్టీ. మళ్లీ ఆ సిరీస్ మట్టి మీదికి రావడానికి 50 ఏళ్లు దాటింది. ఆ తిరిగి రావడం ఎలా నడిచిందో కింద చూద్దాం, ఎందుకంటే ఈ వ్యాసంలో చెప్పే ప్రతి సూత్రమూ ఆ వారాంతం మూడు రోజుల్లో కళ్లకి కట్టింది.

నాస్కార్ వెళ్లిపోయినంత మాత్రాన మట్టి రేసులు ఆగిపోలేదు. అయోవాలోని నాక్స్‌విల్‌లో 1961 నుంచి స్ప్రింట్ కార్ల నేషనల్స్ జరుగుతున్నాయి. ఒహాయోలోని ఎల్డోరా ట్రాక్ 1954 నుంచి నడుస్తోంది, 2004లో దాన్ని నాస్కార్ డ్రైవర్ టోనీ స్టివర్ట్ కొన్నాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఈ ఆటని స్పీడ్‌వే అంటారు. బ్రిటన్‌లో స్టాక్ కార్లు కొన్ని చోట్ల షేల్ మీద, అంటే పొడిగా నలిగిన పలకరాయి మీద తిరుగుతాయి, అది బంకమట్టిలా ప్రవర్తించదు కాబట్టి దాని గొడవ వేరు.

కార్లలో లేట్ మోడల్, మోడిఫైడ్, మిడ్జెట్ అని చాలా రకాలున్నాయి గానీ మట్టిని అందరికన్నా బాగా చీల్చేది స్ప్రింట్ కారు. 410 క్యూబిక్ అంగుళాల ఇంజన్, అంటే 6.7 లీటర్లు, సుమారు 900 హార్స్‌పవర్, డ్రైవర్‌తో కలిపి బరువు 640 కిలోల దరిదాపు. నెత్తిన పెద్ద రెక్క. అర మైలు ట్రాక్‌ని, మట్టి పదునుగా ఉంటే, 15 సెకన్లలో చుట్టేస్తుంది. అంటే సగటున గంటకి 190 కిలోమీటర్ల పైమాటే, అదీ పక్కకి జారుతూ.

మట్టి పట్టు ఇస్తుందా, ఎలా?

తారు రోడ్డు మీద టైరు రబ్బరు రోడ్డుని అంటిపెట్టుకుని పట్టు తెచ్చుకుంటుంది. మట్టిలో అలా కాదు. టైరు అంచులు మట్టిలోకి కరుచుకుంటాయి, మట్టి వెనక్కి తెగిపోకుండా ఎంత బలంగా నిలబడితే అంత తోపు కారుకి దొరుకుతుంది. అంటే పట్టు అనేది టైరు గుణం కన్నా ముందు మట్టి గుణం. మట్టి చిరిగిపోకుండా ఎంత బలాన్ని ఓర్చుకుంటుందన్నదే లెక్క.

ఇక్కడ పని చేసేది బంక. బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి, పలకల్లా ఉంటాయి, వాటి మధ్య సన్నటి నీటి పొర చేరితే ఆ నీరు రెండు పలకల్నీ దగ్గరకి లాగి పట్టుకుంటుంది. తడి గాజు పలకలు రెండిటిని ఒకదాని మీద ఒకటి పెట్టి విడదీయబోతే తెలుస్తుంది ఆ లాగుడు ఎంతుంటుందో. నీళ్లు ఎక్కువైతే పలకల మధ్య దూరం పెరిగి ఆ లాగుడు పోతుంది, మట్టి జారుడు బురద అవుతుంది. నీళ్లు పూర్తిగా పోతే రెండు రకాలుగా చెడుతుంది: అణిగి ఉన్న మట్టి పలకలాగా గట్టిపడి నున్నగా తయారవుతుంది, అణగని మట్టి పొడి అయిపోయి గాల్లోకి లేస్తుంది. ఒకటి జారుతుంది, రెండోది కళ్లలో పడుతుంది, సాధారణంగా రెండూ ఒకే రాత్రి ఒకే ట్రాక్ మీద ఉంటాయి.

ఈ తడి హద్దుల్ని స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ అటర్‌బర్గ్ 1911 ప్రాంతంలోనే లెక్కకట్టాడు. మట్టిని అరచేత్తో 3 మిల్లీమీటర్ల మందం తాడులా దొర్లిస్తూ పోతే ఏ తడి దగ్గర అది ముక్కలవుతుందో అది ఒక హద్దు, ఏ తడి దగ్గర కారడం మొదలవుతుందో అది ఇంకో హద్దు. మంచి ట్రాక్ మొదటి హద్దుకి అటూ ఇటూగా ఉంటుంది. ట్రాక్ మనుషులు ఇదంతా చదివి చేయరు, గుప్పెడు మట్టి తీసి పిసికి చూస్తారు. ముద్ద అయ్యి చేతికి అంటకుండా ఉంటే బాగున్నట్టు.

1933లో అమెరికా ఇంజనీరు రాల్ఫ్ ప్రాక్టర్ ఆనకట్టల పని కోసం ఇంకో సంగతి తేల్చాడు. ప్రతి మట్టికీ ఒక తడి శాతం ఉంటుంది, సరిగ్గా ఆ తడిలో రోలర్ నడిపితేనే మట్టి బాగా దిగ్గొట్టినట్టు అణుగుతుంది, అంతకన్నా పొడిగా ఉన్నా తడిగా ఉన్నా ఎన్నిసార్లు తొక్కించినా లాభం ఉండదు. రోడ్లు, ఆనకట్టలు వేసేవాళ్లు ఈ పరీక్షని నేటికీ వాడుతున్నారు. క్రికెట్ పిచ్ తయారు చేసేవాళ్లు తడిపి, ఆరనిచ్చి, ఎప్పుడు రోలర్ ఎక్కించాలో చూసుకోవడంలో ఉన్నదీ ఇదే లెక్క. అయితే పిచ్‌ని ఆరనివ్వడమే పని, ట్రాక్‌ని ఆరనివ్వకుండా చూడడం పని.

బంకమట్టి అంతా ఒకటి కాదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల ఎర్రమట్టిలో కేయొలినైట్ అనే బంక ఎక్కువ, అది నీళ్లు పీల్చి పెద్దగా ఉబ్బదు. నాక్స్‌విల్ ట్రాక్ మీద ఉన్నది నల్ల గంబో, మన నల్లరేగడికి దూరపు చుట్టం అనుకోవచ్చు. ఇలాంటి నల్లమట్టి నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, తడి ఎక్కువైతే టైర్లకి అట్టలు కట్టేస్తుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక పాలు ఎక్కువైన మట్టి త్వరగా ఆరి విడిపోతుంది. అందుకే ఒక ట్రాక్ మీద పనిచేసిన పద్ధతిని ఇంకో ట్రాక్ మీద యథాతథంగా దింపితే బోల్తా కొడుతుంది.

నీళ్ల లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి

నీళ్లు ఇంకాస్త కొట్టొచ్చు కదా అనేది గ్యాలరీలో అందరూ అనే మాట. ఒకసారి లెక్క వేద్దాం. అర మైలు ట్రాక్ అంటే 800 మీటర్ల పొడవు, వెడల్పు 18 మీటర్లు అనుకుంటే 14,400 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలవాలంటే 14,400 లీటర్లు కావాలి. అంటే 10,000 లీటర్ల ట్యాంకర్ మొత్తం ఖాళీ చేసినా ట్రాక్ మీద పడేది ముక్కాలు మిల్లీమీటరు కూడా కాదు. 25 మిల్లీమీటర్ల వానకి సమానంగా తడపాలంటే అలాంటి ట్యాంకర్లు 36 తిరగాలి. ఎండ, గాలి ఉన్న వేసవి రోజున తడి నేల నుంచి 6 మిల్లీమీటర్ల నీళ్లు ఆవిరైపోవడం పెద్ద విషయం కాదు, అంటే ఎవరూ ముట్టుకోకుండానే దాదాపు 85 వేల లీటర్లు గాల్లో కలిసిపోతాయి. ఇంక కార్లు తిరిగితే చెప్పేదేముంది.

అందుకే రేసు రోజు కొట్టే నీళ్లతో ట్రాక్ నిలబడదు. నిలబెట్టేది మూడు నాలుగు రోజుల ముందు నుంచి లోపలికి ఇంకించిన నీళ్లు. పైన ఆరిన కొద్దీ అడుగున ఉన్న తడి మట్టిలోని సన్నటి సందుల గుండా పైకి పాకుతుంది, దీపం ఒత్తిలో నూనె పాకినట్టే. అడుగున నిల్వ ఉంటే ఫైనల్ దాకా పైకి వస్తూనే ఉంటుంది. సూర్యుడు దిగిపోయి గాలి చల్లబడ్డాక ఆవిరి తగ్గి, కింద నుంచి వచ్చేది పైన పోయేదాన్ని మించిపోయిన రాత్రులూ ఉంటాయి, అప్పుడు ట్రాక్ మళ్లీ నల్లగా తేరుకుంటుంది. ఎక్కువ డర్ట్ రేసులు రాత్రిపూటే పెట్టడానికి లైట్ల అందం ఒక్కటే కారణం కాదు.

అడుగు పొడిగా ఉండి పైపైన మాత్రమే తడిపితే జరిగేది వేరు. గట్టి పలక మీద పల్చటి జిగురు బురద పొర తయారవుతుంది. కార్లు రాగానే ఆ పొర తొక్కలా లేచిపోతుంది, కింద పొడి పలక బయటపడుతుంది. పది నిమిషాలు బురద, ఆ తర్వాత దుమ్ము. రేసుకి అరగంట ముందు హడావిడిగా తిరిగే ట్యాంకర్ కనిపిస్తే ఆ వారం పని సరిగ్గా జరగలేదని అనుమానించొచ్చు.

దున్నడం, తడపడం, తొక్కించడం

తయారీ క్రమం చెప్పుకుంటే తేలిగ్గానే ఉంటుంది. పోయిన వారం కార్లు తొక్కి గట్టిపరిచిన పై పొరని ఇనుప పళ్లతో చీలుస్తారు, డిస్కు నాగలితో తిరగేస్తారు, గడ్డలు చిన్నవయ్యేదాకా. చీల్చకుండా నీళ్లు పోస్తే అవి లోపలికి దిగవు, వాలు మీదుగా లోపలి అంచుకి జారిపోతాయి. దున్నాక విడతలు విడతలుగా నీళ్లు పెట్టి, ఇంకనిచ్చి, మళ్లీ తిరగేస్తారు. బయటి అంచుకి ఎగిరిపోయి పేరుకున్న మట్టిని గ్రేడర్ బ్లేడుతో కిందికి లాగి, వాలు సరిచేసి, గుంటలు పూడుస్తారు.

తర్వాత రోలర్లు. మొదట తిరిగేది షీప్స్‌ఫుట్ రోలర్, అంటే డ్రమ్ము నిండా గొర్రె కాళ్లలా మేకులు పొడుచుకొచ్చినది. నున్నటి రోలర్ పైన అణిచి అడుగుని వదిలేస్తుంది, ఇదైతే అడుగు నుంచి పైకి అణుచుకుంటూ వస్తుంది. అడుగు గట్టిపడే కొద్దీ మేకులు తక్కువ దిగుతాయి, చివరికి రోలర్ పైపైన నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అప్పుడు నున్నటి రోలర్ గానీ రబ్బరు టైర్ల రోలర్ గానీ పట్టుకొస్తారు.

ఇక్కడ రైతుకి తెలిసిన ఒక మెలిక ఉంది. వాన వెలిశాక పైపైన గుంటక తోలితే నేలలో తడి నిలుస్తుంది, ఎందుకంటే పైన వదులైన పొర కింది సందులకీ గాలికీ మధ్య అడ్డు పడుతుంది. ట్రాక్ మీద కూడా మధ్య రోజుల్లో పై పొరని వదులుగా ఉంచితే లోపలి తడి దాగుతుంది. కానీ రేసు వేళకి ఆ వదులు మట్టి పనికిరాదు, అణిచేయాలి, అణిస్తేనే సందులు కలిసి తడి పైకి వస్తుంది. మబ్బు పట్టి వాన వచ్చేలా ఉన్నా అంతే, దున్ని ఉన్న ట్రాక్ స్పాంజిలా తాగేస్తుంది, రెండు రోజులు పనికిరాకుండా పోతుంది, అందుకని ఆకాశం చూసి గబగబా నున్నటి రోలర్ తిప్పి మూత వేసినట్టు మూసేస్తారు. వాన నీళ్లు పైనుంచి జారిపోతాయి. ఎప్పుడు వదులుగా ఉంచాలి, ఎప్పుడు మూసేయాలి అన్నది యంత్రం చెప్పదు, ఆ అదును తెలిసినవాడికే ట్రాక్ అప్పగిస్తారు.

రేసు రోజు చివరి తడుపు తర్వాత కార్లే నెమ్మదిగా చుట్లు కొట్టి మట్టిని తొక్కుతాయి. రోలర్ బరువు ఎంత ఉన్నా, టైర్లు తొక్కే తీరు వేరు, కార్లు పరుగెత్తాల్సిన చోటే తొక్కుడు పడుతుంది. అప్పుడు లోపలి అంచు ఒక్కదాన్నే తొక్కి వదిలేస్తే రాత్రంతా అక్కడే ఒక వరస అయిపోతుంది, అందుకే ఫ్లాగ్ మనిషి చేతులూపుతూ పైకి, ఇంకా పైకి అని కార్లని తరుముతుంటాడు.

సాయంత్రం నుంచి రాత్రిదాకా ఒకే ట్రాక్ కాదు

వార్మప్ చుట్లప్పుడు ట్రాక్ నల్లగా, జిగటగా ఉంటుంది. కాలు పెడితే చెప్పు లాగేస్తుంది. పట్టు మహా ఎక్కువ, యాక్సిలేటర్ వదలకుండా తిరిగేయొచ్చు, వేగం కూడా ఆ రాత్రికి అదే గరిష్ఠం. చూడ్డానికి బాగుంటుంది గానీ అసలు పోటీ అప్పుడు ఉండదు, అందరూ ఒకే వేగంతో పోతే ఎవరు ఎవర్ని దాటుతారు? మొదటిసారి చూసేవాళ్లు ఈ జిగట ట్రాకే మంచి ట్రాక్ అనుకుంటారు. పాత కాపులు మాత్రం కాస్త జారాకే రేసు మొదలవుతుందంటారు.

జారుడు ముందుగా వచ్చేది మధ్యలో. లోపలి అంచులో వాలు నుంచి దిగిన నీరు ఉంటుంది, బయటి అంచులో కార్లు తక్కువ తిరుగుతాయి, మధ్యదారి మాత్రం ఆరి, నునుపెక్కి, తెల్లబడి మెరుస్తుంది. దాన్నే స్లిక్ అంటారు. టైర్లు తిరిగే కొద్దీ లేచిన తడి మట్టి రవ్వలు బయటికి ఎగిరి అక్కడ గట్టులా పేరుకుంటాయి, దాని పేరు కుషన్. మధ్య నున్నబడేసరికి డ్రైవర్లకి రెండు దారులు మిగులుతాయి: లోపల తడిని వెతుక్కుంటూ చిన్న చుట్టు తిరగడం, లేదా కుడి వెనక టైరుని ఆ కుషన్‌కి ఆనించి పెద్ద చుట్టు వేగంగా తిరగడం. కుషన్ ఆనుకున్నవాడికి వేగం ఎక్కువ, కానీ అది దాటితే అవతల గోడే. దూరం తక్కువ ఒకడికి, వేగం ఎక్కువ ఇంకొకడికి, మలుపు దాటేసరికి ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. ఆట రంజుగా ఉండేది ఈ దశలోనే, ట్రాక్ మనిషి ఇంత కష్టపడేది ఫైనల్ ఈ దశలో పడాలనే.

దాటిపోతే ఏమవుతుంది? 24 కార్లు 30 చుట్లు తిరిగే ఫైనల్లో ఒక్కో మలుపు మీదుగా 720 సార్లు కారు పోతుంది. తడి అయిపోయిన పలక మీద టైరు రబ్బరే అరిగి అంటుకుని, లోపలి దారిలో నల్లటి చార తయారవుతుంది. రబ్బరు పట్టింది అంటారు. ఇక అది డర్ట్ ట్రాక్ కాదు, సన్నటి తారు రోడ్డు. పట్టు ఆ చార మీదే ఉంటుంది, బయటికి పోయినవాడు వెనకపడతాడు, అందరూ రైలుపెట్టెల్లా ఒకరి వెనక ఒకరు. పైగా టైరు పొక్కులొచ్చి పేలుతుంది, కాబట్టి ముందున్నవాడు కూడా వేగం తగ్గించి టైరు దాచుకుంటాడు. దుమ్ము కన్నా ప్రేక్షకులకి నిజంగా విసుగు తెప్పించేది ఇదే, కాకపోతే దుమ్ము కంట్లో పడుతుంది కాబట్టి తిట్లు దానికి పడతాయి.

ట్రాక్ ఇలా మారడం వల్ల అదృష్టానికీ పెద్ద వాటా ఉంటుంది. క్వాలిఫయింగ్‌లో, అంటే ఎవరు ఎంత వేగమో తేల్చే పరుగులో, ఒక్కో కారూ విడిగా తిరుగుతుంది, ముందు తిరిగినవాళ్లకి జిగట ట్రాక్ దొరుకుతుంది, 40వ వాడు వచ్చేసరికి అది ఆరిపోయి ఉంటుంది. వరస లాటరీలో తీస్తారు కాబట్టి అన్యాయం అనలేం గానీ, చీటీలో పెద్ద అంకె వచ్చినవాడి మొహం చూస్తే తెలుస్తుంది. దీన్ని సరిదిద్దడానికే చాలా చోట్ల కార్లని గుంపులుగా విడగొట్టి ఎవరి గుంపులో వాళ్లకే పోటీ పెడతారు. వేగంగా క్వాలిఫై అయినవాళ్లని హీట్ రేసులో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే చిన్న రేసులో, వెనక నిలబెట్టే పద్ధతి కూడా ఉంది.

బ్రిస్టల్ ఏం చూపించింది

టెనెసీలోని బ్రిస్టల్ ట్రాక్ మామూలుగా కాంక్రీట్. 2000, 2001లలో దాని మీద మట్టి పోసి స్ప్రింట్ కార్ల రేసులు పెట్టారు. 2021లో నాస్కార్ టాప్ సిరీస్ (దాన్నే కప్ అంటారు) కోసం మళ్లీ మట్టి పోశారు, తోడుగా నాస్కార్ పికప్ ట్రక్కుల రేసు కూడా పెట్టారు. 26 నుంచి 30 డిగ్రీలున్న వాలుని మట్టితో నింపి సుమారు 19 డిగ్రీలకి తెచ్చారు.

ఆ వారాంతం ఏం జరిగిందో వరసగా చూస్తే చాలు. శనివారం వాన తడితో ట్రాక్ మెత్తగా ఉంది, ట్రక్కులు హీట్ రేసు మొదలుపెట్టగానే బురద లేచి అద్దాలకి, రేడియేటర్లకి అట్టలు కట్టింది, హీట్ రేసులు రద్దు చేశారు. ఆదివారం కుండపోత వాన, రేసులు వాయిదా. సోమవారం పగటిపూట ఎండలో ట్రక్కుల రేసు, ఆ వెంటనే కప్ రేసు జరిపితే దుమ్ము ఎంత లేచిందంటే రేసు ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా కార్లని జంటగా వదలకుండా ఒక్కొక్కటిగా వదలాల్సి వచ్చింది. మూడు రోజుల్లో అదే మట్టి బురద, వరద, దుమ్ము మూడూ చూపించింది. 250 చుట్లు అనుకున్నది 253 దాకా వెళ్లి, జోయీ లోగానో గెలిచాడు. మట్టిలో పుట్టిపెరిగిన కైల్ లార్సన్, క్రిస్టఫర్ బెల్ మొదట్లోనే ఒకే ప్రమాదంలో చిక్కుకున్నారు.

ఇందులో ట్రాక్ మనుషుల తప్పు ఎంత అంటే, తక్కువే అని చెప్పాలి. మొదటిది బరువు. కప్ కారు స్ప్రింట్ కారుకి రెట్టింపుకి మించిన బరువు, మట్టిని రోలర్‌లా తొక్కి గట్టిపరుస్తుంది. రెండోది అద్దం. స్ప్రింట్ కారుకి ముందు గాజు అద్దం ఉండదు, డ్రైవర్ హెల్మెట్ మీద పల్చటి ప్లాస్టిక్ పొరలు వరసగా అంటించి ఉంటాయి, బురద పడితే ఒకటి పీకి పారేస్తాడు. గాజు అద్దం ఉన్న కారుకి ఆ సదుపాయం లేదు, అందుకని ట్రాక్‌ని తడిగా ఉంచడానికి నిర్వాహకులు భయపడతారు, తడి తగ్గిస్తే దుమ్ము. మూడోది చుట్ల సంఖ్య. మామూలు డర్ట్ ఫైనల్ 25, 30 చుట్లు, నాక్స్‌విల్ నేషనల్స్ ఫైనల్ లాంటి పెద్దది 50. ఇక్కడ 250. ఎంత ఇంకించిన నీళ్లయినా అంత తిరుగుడుకి ఆగవు.

పగటి ఎండ సంగతి గ్రహించి 2022లో రేసుని రాత్రికి మార్చారు. అప్పుడు కైల్ బుష్ గెలిచాడు, 2023లో బెల్. దుమ్ము తగ్గింది గానీ 2024లో ఆ రేసుని తిరిగి కాంక్రీట్ మీదికే తెచ్చేశారు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఓక్లహోమాలోని టల్సా. 1987 నుంచి అక్కడ చిలీ బౌల్ పేరుతో మిడ్జెట్ కార్ల పోటీ జనవరిలో, పెద్ద ఎగ్జిబిషన్ హాలు లోపల మట్టి పోసి జరుపుతున్నారు. పైకప్పు కింద ఎండ లేదు, వాన లేదు, గాలి లేదు. కార్లు తేలిక, రేసులు చిన్నవి, మధ్యమధ్యలో ట్రాక్‌ని సరిచేసుకునే వీలుంటుంది. అయినా 300కి పైగా కార్లు వచ్చిన ఏడాదుల్లో రోజంతా అవి తొక్కితే లోపలి ట్రాక్ కూడా నునుపెక్కుతుంది. వాతావరణాన్ని పూర్తిగా తీసేసినా కార్ల వల్ల జరిగే మార్పు అలాగే ఉంటుందన్నమాట.

నీళ్లకి బదులు ఇంకేదైనా చల్లొచ్చా?

చల్లుతారు. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ లవణాలు గాల్లోని తేమని లాక్కుని మట్టిలో పట్టి ఉంచుతాయి, మట్టి రోడ్ల మీద దుమ్ము అణచడానికి కూడా ఇవే వాడతారు. అయితే ఉప్పు ఉప్పే కాబట్టి కార్ల ఇనుము తినేస్తుంది, మోతాదు మించితే పై పొర నున్నగా జారుతుంది, గాల్లో తేమే లేని చోట పెద్దగా పనిచేయదు. నిల్వ తడికి ఇది తోడే గానీ బదులు కాదు.

ఒకప్పుడు వాడేసిన ఇంజన్ నూనె చల్లేవాళ్లు. 1970ల మొదట్లో మిస్సోరీలో దుమ్ము అణచడానికని గుర్రాల బరుల్లో, టైమ్స్ బీచ్ అనే ఊరి మట్టి రోడ్ల మీద వ్యర్థ నూనె చల్లితే, అందులో డయాక్సిన్ అనే విషం కలిసి ఉందని తర్వాత బయటపడింది. గుర్రాలు చచ్చిపోయాయి. 1983లో ప్రభుత్వం ఆ ఊరిని కొనేసి జనాన్ని ఖాళీ చేయించడానికి పూనుకుంది. నూనె మాట ఎత్తితే నిర్వాహకులు ఎందుకు ఉలిక్కిపడతారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ మాటకొస్తే దుమ్ము కూడా తేలిగ్గా తీసుకునేది కాదు, మట్టిలో ఉండే సన్నటి సిలికా పొడి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే జబ్బులు తెస్తుంది. గ్యాలరీలో ఒక రాత్రి కూర్చున్నవాళ్ల కన్నా ప్రతి వారం అక్కడే పనిచేసేవాళ్లకి ఇది అసలు సమస్య.

ఫైనల్‌కి ముందు తీసుకునే నిర్ణయం

హీట్ రేసులు అయిపోయి ఫైనల్ మిగిలి ఉండగా ఒక ప్రశ్న వస్తుంది: ఆపి దున్నాలా, అలాగే కానివ్వాలా? దున్నితే అరగంటకి పైగా పోతుంది. చీల్చాలి, తడపాలి, మళ్లీ కార్లతో తొక్కించాలి. జనం లేచిపోతారు, రాత్రి ఇన్ని గంటలకి శబ్దం ఆపాలన్న నిబంధన ఉన్న ఊళ్లలో గడియారం తరుముతుంది. సరిగ్గా అణగకపోతే గుంటలు పడి కార్లు పల్టీలు కొట్టే ప్రమాదం కూడా ఉంది. దున్నకపోతే రబ్బరు పట్టి రేసు చచ్చిపోవచ్చు. డ్రైవర్లని అడిగితే ముందు వరసలో ఉన్నవాళ్లు వద్దంటారు, వెనక ఉన్నవాళ్లు దున్నమంటారు, కాబట్టి వాళ్ల మాట లెక్కలోకి రాదు.

ఆ సమయంలో ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని మూడో మలుపు మధ్యలోకి నడిచి, బూటు మడమతో నేలని గీరి చూస్తాడు. అర అంగుళం కింద నల్లగా తడి మట్టి కనబడితే చేయి ఊపి కార్లని పంపమంటాడు. అక్కడా తెల్లగానే ఉంటే ట్రాక్టర్‌ని పిలుస్తాడు.